టోకెన్ల లైన్ల బాపు చెప్పులు

బచ్చన్నపేట సొసైటికి యూరియా లారీ వస్తదని తెలిస్తే చాలు, బుచ్చయ్య తెల్లారకముందే లేచి చెప్పులు తీసుకపోయి లైన్ల పెట్టొస్తడు. ఉత్తగ పెట్టుడు కాదు. పట్టా పాసుబుక్కు జిరాక్సు నాలుగు మడతలు పెట్టి కుడి చెప్పు పట్టీ కింద చెక్కుతడు. చెప్పుల మొఖం షట్టరు దిక్కు తిప్పుతడు. ఇగ వట్టికాళ్ళతోటి ఇంటికొచ్చి తీరువాటంగ చాయ తాగుతడు. మిగిలిన పని చెప్పులదే. లైను రెండడుగులు జరిగితే అవి రెండడుగులు జరుగుతయి. ఎవడన్న మధ్యల దూరచూస్తే ఎడమ చెప్పు అడ్డం తిరుగుతది.

ఆ ఊర్ల అందరి చెప్పులు గంతే. గని అందరియి ఒక్క తీరుగ ఉండయి కదా. కొందరియి లైన్ల కునుకు తీస్తయి. కొందరియి ఎండ జర ఎక్కువైతే నీడకు పోయి కూసుంటయి, వంతు పోగొట్టుకుంటయి. చెప్పుల్ని అని లాభమేమున్నది, తొడుక్కున్నోని గుణమే వాటికి వస్తది. బుచ్చయ్య చెప్పులకు మాత్రం సుట్టుపక్కల మంచి పేరున్నది. పదకొండేండ్ల కింద కొన్నయి, రెండుసార్లు అట్టలు మార్పించిండు, ఇప్పటిదాక వాటి వల్ల ఒక్క బస్తా పోలేదు.

గా బుచ్చయ్య బిడ్డే సుమలత. జనగామల డిగ్రీ ఆఖరి సంవత్సరం. బాటనీ అంటే పానం. మైక్రోస్కోపు కింద ఏది చూస్తే అది చూసినట్టే గీస్తది, ఒక్క గీత అటిటు పోదు. ఇన్ని మంచి గుణాలున్న పిల్లకు ఒక్కటే జబ్బు. ఎవలొచ్చి పక్కన నిలబడ్డా "నువ్వు పో, నేను తర్వాత పోత" అంటది. బస్సుల సీటు గట్లనే పోతది, క్యాంటీన్ల సమోసా గట్లనే పోతది. నిరుడు స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చేకాడ ఒక్కొక్కల్ని ముందటికి తోలుకుంట పదకొండు మందిని పంపింది. పన్నెండో మనిషి తానయ్యేసరికి కిటికీ మూసిన్రు. క్లాసుల నరేందర్ అని ఒక పిలగాడున్నడు, చెడ్డోడు కాదు, గని ఈమె గుణం బాగ తెలిసినోడు. "సుమా, జర జరుగు" అంటడు, ఈమె జరుగుతది. మూడేండ్ల నుంచి ఇదే నడుస్తున్నది. ఆమె చెప్పులకు గూడ అదే అలవాటైంది. ఎవలన్న వస్తున్నరంటే అవే పక్కకు తప్పుకుంటయి, ఆమె వద్దనుకున్నా సరే.

తల్లి వీరమ్మకు ఇది కడుపుమంట. "మెత్తనోళ్ళను చూస్తే మొత్తబుద్ధి అయితది బిడ్డా" అని రోజొకసారన్న అంటది. సుమలత నవ్వి ఊకుంటది.

జనవరి నెల, ఐదో సెమిస్టరు ఆఖరి వారం. కాలేజీల ఎవల మొఖాన చూసినా నెత్తురు సుక్క లేదు. అసైన్‌మెంట్లు, ఇంటర్నల్స్, నో డ్యూస్, అన్నిటికీ ఆ వారమే గడువు. బాటనీ రికార్డుల మీద జైపాల్ సార్ సంతకం పెట్టేది శుక్రవారం మధ్యాహ్నం వరకే. సంతకం లేని రికార్డు పట్టుకొని ప్రాక్టికల్స్‌కు వస్తే లోపలికి రానియ్యనని సార్ ముందే చెప్పిండు, ఆయన చెప్తే చెప్పిందే.

సరిగ్గ అదే శుక్రవారం, మహబూబాబాద్ కాడ విత్తనాల పరీక్ష కేంద్రం నడిపే కంపెనీ వాళ్ళు కాలేజీకి వస్తున్నరని నోటీసు పెట్టిన్రు. డిగ్రీ అయిపోంగనే కొలువు. ఆరుగురిని తీసుకుంటరు. నలభై టోకెన్లే ఇస్తరు, ముందొచ్చినోళ్ళకు ముందు. రికార్డుల లైను పొద్దున పదిన్నరకు పైన ల్యాబ్ కాడ, టోకెన్ల లైను అదే పదిన్నరకు కింద సెమినార్ హాలు కాడ.

సుమలతకు ఆ కొలువు కావాలె. ఇంతవరకు ఏదీ నాకు కావాలె అని అనుకోని పిల్ల, ఆ నోటీసు మూడుసార్లు చదివింది, ఇంటికి పోయినంక గూడ అన్నం సగంల ఆపి దాని గురించే ఆలోచించింది. అది దొరకకపోతే ఏమైతదో తెలుసు. వీరమ్మ తమ్ముడు రాజయ్య జనగామల ఒక చీరల దుకాణంల పని చేస్తడు. పరీక్షలు అయినంక సుమలతను గూడ అక్కడ పెట్టిస్తనని సేటుకు మాటిచ్చిండు. పొద్దంత నిలబడి చీరలు విప్పుడు, మల్ల మడతపెట్టుడు. తప్పు పనేం కాదు, మామ మంచికే చెప్పిండు. గని ఒక్కసారి ఆ దుకాణం మెట్లెక్కితే మైక్రోస్కోపు మల్ల చూడనేమోనని పిల్లకు లోపల్నుంచి దుఃఖం తన్నుకొస్తున్నది.

గురువారం సాయంత్రం బాపుకు చెప్పింది. రెండు లైన్లున్నయి, మనిషిని ఒక్కదాన్ని. నా చెప్పుల సంగతి నీకు తెల్వదా బాపు, వాటిని నిలబెడితే కాలేజీ కాలేజంత ముందటికి పోతది అన్నది.

బుచ్చయ్య గడప కాడున్న తన చెప్పుల దిక్కు చూసిండు. శుక్రవారమే యూరియా లారీ గూడ వస్తున్నది. మక్క చేను పసుపు తిరుగుతున్నది, ఇంకో నాలుగు రోజులు మందు పడకపోతే కంకి పాలు పోసుకోదు.

"నాయి తీసుకపో" అన్నడు.

వీరమ్మ ఊకుంటదా, మరి సొసైటి కాడ ఎవలు నిలబడాలె అని లేచింది.

"నేను నిలబడ్త. కాళ్ళు లెవ్వా నాకు?" అన్నడు బుచ్చయ్య.

తెల్లారి సుమలత జడ వేసుకునేలోపల ఆయనే చెప్పులు తుడిచిండు. లైన్ల పెట్టే చెప్పులకు కాలేజీ ఐడీ కార్డు జిరాక్సు పెట్టాలని బిడ్డ రాత్రే చెప్పి కాయితం అరుగు మీద పెట్టింది. ఆయన పట్టీ కింద కాయితం చెక్కి, చెప్పులను సంచిల వేసి ఇచ్చిండు. సుమలత బస్సుల ఆధార్ చూపించి ఆడోళ్ళ జీరో టికెట్ తీసుకొని, సంచి ఒడిల పెట్టుకొని కూసున్నది. బస్సు సొసైటి ముంగటికెల్లి పోతుంటే సంచి ఒక్కసారి ఎగిసింది. చెప్పులు దిగుతమన్నట్టు కొట్టుకుంటున్నయి. సుమలత రెండు చేతులతోటి అదిమిపట్టి, ఇయ్యాల్ల వేరే లైను అని మెల్లగ చెప్పింది. పక్క సీటు ఆమె, మా ఆయనయి గూడ గిట్లనే చేస్తయి, చింతకాయలు పెడితే ఊకుంటయి అన్నది.

సెమినార్ హాలు ముంగట అప్పటికే ముప్పై జతల పైన ఉన్నయి. హాస్టల్ పిల్లల శాండిళ్ళు ఒకదానికొకటి ఆనుకొని నిద్రపోతున్నయి. నరేందర్ తెల్ల బూట్లు అందరి కన్న ముందు, మొదటి మెట్టు మీద ఉన్నయి. సుమలత బాపు చెప్పులను ముప్పైమూడో జాగల పెట్టింది. ఐడీ జిరాక్సు చూద్దామని వంగితే పట్టీ కింద మడతపెట్టిన కాయితం కనబడ్డది. బాపు పెట్టిండులే అనుకొని పైన ల్యాబ్‌కు ఉరికింది.

పైన అందరి రికార్డులు జల్దిజల్ది అయిపోయినయి. సుమలత దగ్గరికొచ్చేసరికి జైపాల్ సార్ పేజీలు తిప్పుకుంట తిప్పుకుంట ఆగిండు. పందొమ్మిదో ప్రయోగం కాడ బొమ్మ లేదు. కాండం అడ్డుకోత గీయాలె, ఆ వారం జ్వరమొచ్చి రాలేదు ఈమె. గీయకుండ సంతకం పెట్టనన్నడు. స్లైడు ఇచ్చిండు, మూలకు కూసోమన్నడు. తొందరల గీస్తే అయిపోవునేమో. గని ఈ పిల్ల తొందరల గీసే రకం కాదు. ఒక్కొక్క కణం చూసుకుంట, చెక్కిన పెన్సిలు మల్ల చెక్కుకుంట కూసున్నది. సార్ గడియారం చూసిండు, బొమ్మ చూసిండు, పన్నెండు దాటినా ఏమనలేదు. ఒంటిగంటకు సంతకం పెట్టి, బొమ్మ మంచిగొచ్చిందని మాత్రం అన్నడు.

రికార్డు గుండెకు పెట్టుకొని కిందికి ఉరికొచ్చింది. హాలు ముంగట లైను లేదు. ఒక్క జత చెప్పులు మాత్రం తలుపుకెదురుగ నిలబడి ఉన్నయి. బాపుయి.

అటెండర్ తిరుపతి తలుపు కాడ స్టూలు వేసుకొని కూసున్నడు. టోకెన్లు పన్నెండుకే అయిపోయినయన్నడు.

"మా చెప్పులు లైన్లనే ఉండె కదన్నా?"

"ఉండె. వంతు గూడ వచ్చింది. గని కాయితం తీసి చూస్తే బుచ్చయ్య, సర్వే నంబరు, రెండెకరాల పది గుంటలు అని ఉన్నది. ఆయన ఏ గ్రూపు అమ్మా, ఐడీ లేకుంట టోకెన్ ఎట్ల ఇయ్యమంటవు?"

సుమలతకు సమజైంది. పదకొండేండ్ల అలవాటు. బాపు చెయ్యి అరుగు మీది కాయితం దాక పోనే లేదు, జేబుల ఉన్న పాసుబుక్కు జిరాక్సు తీసి చెక్కింది. ఎవల మీద కోపం తెచ్చుకుంటది? కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇగ చీరల దుకాణమే అనుకున్నది. ఇంటికి పోదామని వంగి చెప్పులు తీయబోయింది.

చెప్పులు లేవలేదు.

మల్ల పట్టి గుంజింది. నేలకు అంటుకున్నట్టే ఉన్నయి. తిరుపతి వచ్చి ఒక చెయ్యి వేసిండు, నా వల్ల గాదు తల్లీ అని పోయి మల్ల స్టూలు మీద కూసున్నడు. సుమలత బాపుకు ఫోన్ చేసింది. ఫోన్ల లైను లొల్లి వినబడుతున్నది. టోకెన్ పోయిందని, కాయితం మారిందని, చెప్పులు వస్తలేవని ఏడుపు ఆపుకుంట చెప్పింది.

బుచ్చయ్య కాయితం మాట విని "అయ్యో, నా చెయ్యి ఇరగ" అన్నడు. మల్ల అడిగిండు.

"టోకెన్లు అయిపోయినయని చెప్పినంక గూడ లేస్తలేవా?"

"లేస్తలేవు."

"అయితే ఇంకో లారీ ఉన్నది బిడ్డా. స్టాకు అయిపోయిందంటే అందరు పోతరు. నాలుగింటికి రెండో లారీ వస్తది, ఉన్నోళ్ళకు దొరుకుతది. నా చెప్పులు గది చూసినయి. నిలబడు."

"ఇది యూరియా కాదు బాపు."

"నిలబడితే పోయేదేమున్నది. నేను గూడ నిలబడే ఉన్న" అన్నడు బుచ్చయ్య, ఫోన్ పెట్టేసిండు.

ఇగ నిలబడ్డది. చెప్పుల వెనక, ఒక్కతే. రెండయింది. మూడయింది. టోకెన్లున్నోళ్ళు ఒక్కొక్కలు లోపలికి పోయి, నుదురు తుడుచుకుంట బయటికొస్తున్నరు. లోపల గింజలు లెక్కబెట్టిస్తున్నరట. గింజలు లెక్కబెట్టుడు గూడ పరీక్షేనా అని ఒకడు నవ్వుకుంట పోయిండు. తిరుపతి సగం చాయ పోసిచ్చిండు. రెండో లారీ లేదు, ఏం లేదు, బాపుకు కాలేజీ సంగతి ఏం తెలుసు అని సుమలత మనసుల పదిసార్లు అనుకున్నది. గని చెప్పులను ఇడిచిపెట్టి ఇంటికెట్ల పోతది.

నాలుగుంబావుకు తలుపు తెరుచుకున్నది. కంపెనీ మేడం, పేరు విజయ, బయటికొచ్చి అటిటు చూసింది. నలభై మందిని చూసినం, ఐదుగురే దొరికిన్రు, మా బండి వచ్చేటందుకు ఇంక అర్ధగంట ఉన్నది, ఒక్కలను చూస్తం, ఎవలన్న ఉన్నరా అని అడిగింది.

గ్రౌండ్ల నుంచి నరేందర్ ఉరికొచ్చిండు. పొద్దున అతని తెల్ల బూట్లు మొదటి మెట్టు మీదనే ఉండె గని, క్రికెట్ బంతి దొర్లుకుంట పోతే దాని వెనక పడి ఉరికినయి. అట్ల అతని టోకెన్ గూడ పోయింది. ఇప్పుడు బూట్లు కాళ్ళకు గట్టిగ కట్టుకొని వచ్చిండు.

"సుమా, జర జరుగు. నీకు బస్సు టైమైతది కదా, నేను పోయొస్త" అన్నడు, ఎప్పటి లెక్కనే, నవ్వుకుంట.

సుమలత కాళ్ళకున్న చెప్పులు ఆమెను అడగనన్న అడగలేదు. ఒక్కడుగు పక్కకు జరిగినయి. ఇంకో అడుగు వెయ్యబోయినయి.

ఆమె కాళ్ళ దిక్కు చూసుకున్నది. స్కాలర్‌షిప్ కిటికీ యాదికొచ్చింది. సొసైటి కాడ ఇప్పటికీ నిలబడే ఉన్న బాపు యాదికొచ్చిండు. ఇంత కోపం తనకున్నదని ఆమెకు అప్పటిదాక తెల్వదు. రెండు చెప్పులు ఇడిచి, కాలితోటి అవతలికి నూకింది. వట్టికాళ్ళతోటి ఒక్కడుగు వేసి మల్ల తన జాగలకొచ్చి నిలబడ్డది. బండలు సల్లగున్నయి.

"నేను ముందున్న నరేందర్. పొద్దటి నుంచి ఉన్న" అన్నది.

నరేందర్ మొఖం చూడాలె అప్పుడు. మూడేండ్లల్ల ఈమె నోటినుంచి అతను ఆ మాట వినలేదు. "సరే సుమా, పో" అని తనే పక్కకు జరిగిండు.

అప్పుడు కదిలినయి బాపు చెప్పులు. ముందు అవి నడిచినయి, వెనక ఆమె నడిచింది. గడప కాడికి పోయినంక చెప్పులు తెలివిగ పక్కకు తప్పుకొని గోడకు నిలబడ్డయి. ఆమె లోపలికి పోయింది.

లోపల విజయ మేడం ఒక పళ్ళెం నిండ పత్తి గింజలు పెట్టి, నాలుగు తడి కాయితాల మీద నూరు నూరు గింజలు వరుసగ పేర్చమన్నది. సుమలత పేర్చుడు మొదలుపెట్టింది. ఒక్కొక్క గింజ తిప్పి చూసి పెడుతున్నది. పది నిమిషాలైనంక మేడం గడియారం చూసి, ఇంత నిమ్మళమైతే ఎట్ల అన్నది. పొద్దటి సుమలత అయితే ఏమనేదో మనకు తెలుసు. తప్పైంది మేడం, వేరే వాళ్ళను చూడున్రి అని లేచొచ్చేది.

"నేను నిమ్మళమే మేడం. గని నేను లెక్కబెడితే మల్ల ఎవలూ లెక్కబెట్టే పని ఉండదు" అన్నది.

మేడం ఒక కాయితం తన దిక్కు తిప్పుకొని లెక్కబెట్టింది. నూరు. ఇంకోటి తిప్పింది. నూరు. పక్కన వేరేగ పెట్టిన ఏడు గింజలేందని అడిగింది. ఇవి మొలవయి మేడం, లోపల డొల్ల అన్నది సుమలత. మేడం బ్లేడుతోటి ఒకటి కోసింది, రెండోది కోసింది. మూడోది కోయలేదు. కొలువు కాయితాల కట్టల నుంచి ఒకటి తీసి పేరు రాసుడు మొదలుపెట్టింది. సుమలత తన పేరు ఒక్కొక్క అక్షరం పడుతుంటే చూసింది.

బయటికొస్తే తిరుపతి ఇంక చాయ తాగుతనే ఉన్నడు. కాయితం చూసి, మరి ఆ బుచ్చయ్యకు గూడ ఇచ్చిన్రా అని అడిగిండు. సుమలత నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్చింది. చెప్పులు రెండు జతలు సంచిల వేసుకొని వట్టికాళ్ళతోటే బస్టాండుకు నడిచింది. బస్సు ఇంక రాలేదు. ఎండ తగ్గింది. బాపుకు ఫోన్ చేసింది.

బుచ్చయ్య ఇంక లైన్లనే ఉన్నడు. ముందట ఇంక ఎనిమిది జతల చెప్పులున్నయట. లొల్లిల వినబడ్తలేదని ఫోన్ స్పీకర్ పెట్టిండు. కొలువు వచ్చింది బాపు, ఆరోదాన్ని నేనే అని చెప్పింది. అవుతల ముక్కు చీదిన చప్పుడైంది.

"ఏం పని బిడ్డా?" అని అడిగిండు.

"విత్తనాలు మొలుస్తయా మొలవయా చూసి చెప్పే పని బాపు. అమ్మకముందే."

ఫోన్ల లొల్లి ఒక్కసారి బంద్ అయింది. లైన్ల ఉన్నోళ్ళంత విన్నరు. ఒక ఆడమనిషి గొంతు దగ్గరికొచ్చింది. తండా నుంచి వచ్చిన చంద్రి.

"బిడ్డా, మొన్న వానకాలం మేము పత్తి మూడుసార్లు పెట్టినం. మొలవలే. మూడుసార్లు పెట్టినం" అన్నది. "నువ్వు ఆడ ఉంటవు కదా. జర మంచిగ చూడు."

సుమలత ఫోన్ చెవికి ఇంక దగ్గరగ పెట్టుకున్నది.

"చూస్త అవ్వా. ఒక్కొక్క గింజ చూస్త."

అవుతల ఏదో చప్పుడు మొదలైంది. నేల మీద రబ్బరు రాసినట్టు, ఒకటి తర్వాత ఒకటి, చానసేపు. ఎవలో నవ్వుతున్నరు. సద్ది తెచ్చిన వీరమ్మ గొంతు గూడ వినబడ్డది, ముందటికి పొమ్మంటున్నయి కదా, పో ఇగ అంటున్నది. నా వంతు రానియ్యున్రి, నా వంతు వచ్చినంకనే పోత అని బుచ్చయ్య మొండికేస్తున్నడు.

"ఏమైంది బాపు? ఏంది ఆ సప్పుడు?" అని సుమలత అడిగింది.

"ఏం లేదు బిడ్డా" అన్నడు బుచ్చయ్య. "ముందటున్న చెప్పులన్ని పక్కకు జరిగినయి. మల్ల లైన్లకు రమ్మంటే వస్తలేవు."